శెట్టి కిటికీకి అడ్డంగా పదకొండు చెట్లు

మొన్న ఒక ఆదివారం పొద్దున, ప్రొద్దుటూరులో మా ఇంటి గేటు దగ్గర ఒక మనిషి కోవా పెట్టె పట్టుకుని నిలబడి ఉంటే ముందు నేను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక లోపలికి రమ్మనడానికి కాస్త ఆలస్యం చేశాను. కావాలనే చేశాను, ఎండలో నిలబడనీ అనుకున్నాను. అతను రమేషు, నాగయ్య శెట్టి కొడుకు. జమ్మలమడుగులో మా పాత ఇంటికి పక్కిల్లు వాళ్ళది. ఆ రెండిళ్ళ మధ్య, మా గోడ లోపలి వైపు, పదకొండు అశోకచెట్లు ఉన్నాయి. మిద్దె మీద మిద్దె కట్టినా వాటి కొనలు ఇంకా పైనే ఉంటాయి. మా నాయన పోయాక ఆ ఇల్లు నాకొచ్చింది. అందులో ఎందరు బాడుగకున్నా అందరికీ నేను పెట్టిన షరతు ఒకటే. గోడలు పగలగొట్టుకోండి, తలుపులు మార్చుకోండి, ఆ చెట్ల మీద మాత్రం కత్తి పెట్టొద్దు.

కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నవాడు, జుట్టంతా నెరిసింది. గ్లాసు కింద పెట్టి అసలు సంగతికి వచ్చాడు.

"అక్కా, మిద్దె మీద సోలార్ పలకలు పెట్టిచ్చినాము. పొద్దున పదైనా వాటి మీద ఎండ పడదు. అంతా మీ చెట్ల నీడే. అవి కొట్టిచ్చుకోనిస్తే నీకు పుణ్యముంటాది. కూలి గూడా మేమే పెట్టుకుంటాము."

"పుణ్యం నాకెందుకప్పా, ఉండేది చాలు" అన్నాను. "మీ ఇంటామె బాగుందా? మిద్దె మీద చెట్లు పెంచుతా ఉందని విన్నాను."

"ఆ, పెంచుతాంది. కుండీలల్లో వంకాయ, టమోట. గొర్రె ఎరువు సంచులల్లో అమ్ముతాండారు కదక్కా ఇప్పుడు, అది తెప్పిచ్చి యేస్తాంది."

"గొర్రె ఎరువా! కంపు రాదా?"

అతని ముఖం మాడిపోయింది. ఆ ఒక్క మాట అడగడానికి నేను యాభై ఏళ్ళు కాచుకున్నాను. అబద్ధమెందుకు, కడుపులో చల్లగా అయింది.

ఆ మాటలో ఏముందో తెలియాలంటే మా దొడ్డి సంగతి చెప్పాలి. మేము గొర్రెలవాళ్ళం. నాయన మందను పెన్న ఒడ్డుకు, గుట్టల వైపుకు తోలుకుపోయేవాడు. అమ్మ చెనిక్కాయ చేలల్లో కలుపుకు పోయేది. ఇల్లూ దొడ్డీ మా జేజి పెత్తనం. నాయనమ్మను మేము జేజి అంటాం. ఆమె సన్నగా, పొడుగ్గా, ఒంటినిండా గొంతు ఉన్న మనిషి. తెల్లారకముందే లేచి దొడ్డి ఊడ్చేది. ఆ చీపురు చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. మంద మేతకు పోయాక ఈనిన గొర్రెల పిల్లలు మాత్రం దొడ్లో ఉండేవి, అంత దూరం నడవలేవు కాబట్టి. దొడ్డి చుట్టూ తుమ్మకంప దడి, నా ఎత్తుకు రెండింతలు. ఆ కంపను జేజి తన చేతులతోనే సర్దేది. ఏ కొమ్మ యాడ పెట్టాలో, ఏ సందు యాడ మూయాలో ఆమెకే తెలుసు. "దొడ్డికి కంపే మొగుడు" అనేది. పాలవాసన, ఉచ్చవాసన, తడిసిన బొచ్చు వాసన, పిల్లలకు వేసే అవిసాకు వాసన అన్నీ కలిసి మా ఇంటి వాసన. ఆ వాసన లేని ఇల్లు ఉంటుందని నాకు బడికి పోయేదాకా తెలియదు.

బడిలో నా చేతిరాతకు పేరుండేది. అయ్యవారు నా పలకను అందరికీ చూపించేవాడు. కానీ నాకొక జబ్బు, తొందర. ఆ తొందరలో అక్షరాలకు కొమ్ములు ఎగిరిపోయేవి. గుడిని గడి అని, పులిని పలి అని రాసేదాన్ని. "ఏం మే, మీ పొట్టేళ్ళకుండే కొమ్ములు నీ అక్షరాలకు లేవే! యాడ మేపి యాడ పారేసుకుంటివి?" అని అయ్యవారు చెవి మెలిపెడితే బడంతా నవ్వేది.

పక్క జాగాలో నాగయ్య శెట్టి మిద్దె కట్టింది అప్పుడే. బట్టల దుకాణం ఆయనది. తెల్లటి పంచె, ఎప్పుడూ సున్నం అంటిన చూపుడువేలు. మా వీధిలో మొదటి మేడ, మేడ మీద గది, ఆ గదికి మా దొడ్డి వైపు రెండు పెద్ద కిటికీలు. సాయంత్రం ఆ కిటికీ దగ్గర పడక కుర్చీ వేసుకుని పెన్న గాలికి కూర్చునేవాడు. నేనంటే ఆయనకు ఇష్టం. ఆయన రాత కోడి గెలికినట్లుండేది. అందుకని దుకాణం జాబులు నాచేత రాయించుకుని బొరుగుల ఉండ చేతిలో పెట్టేవాడు. నేనూ ఎగురుకుంటూ పోయేదాన్ని. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా!

గాలితోపాటు మా దొడ్డి కూడా ఆయన కిటికీలోకి వచ్చేది. రెండు మూడుసార్లు జేజిని పిలిచి మర్యాదగానే చెప్పాడు. "పెద్దమ్మా, వాసనకు అన్నం పోతాలేదు. దొడ్డిని ఊరిబయటికి మార్చుకోరాదా?" జేజి నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నువ్వు నిన్న వస్తివి, మేము మొన్ననే ఉంటిమి. ముక్కు నీది, మూసుకో" అంది. ఆ మాట వీధంతా చెప్పుకుని నవ్వింది. శెట్టికి అది మనసులో పడిపోయింది.

ఒక బుధవారం జేజి పులివెందులకు, వాళ్ళ అన్నగారింటికి పోయింది. నాయన మందతో పోయాడు, అమ్మ కలుపుకు పోయింది. మధ్యాహ్నం బడి నుంచి అన్నానికి వచ్చింది నేనొక్కదాన్నే. దూరం నుంచే ఏదో తేడాగా కనిపించింది. మా ఇంటి పక్కన ఆకాశం ఎక్కువగా ఉంది. దగ్గరికొస్తే దడి లేదు. ఏదో ఆఫీసు నుంచి మనుషులొచ్చి, బండికెత్తి, కంపంతా తీసుకుపోయారు. ఏ ఆఫీసో చెప్పను, ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. కంప పోయిన సందులోంచి కుక్కలు వచ్చిపోయాయి. పదకొండు పిల్లలు. బొల్లి నాది, నాయన నాకని వదిలినది. అది గోడ మూల ఇంకా కొంచెం కాలు కదిలిస్తూ ఉండింది. నేను అరవలేదు. దాని పక్కన కూర్చున్నాను, అంతే. సాయంత్రం తల్లిగొర్రెలు పాలు చేపుకుని, అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చి దొడ్డంతా వెతుక్కున్నాయి. ఆ అరుపులు మూడు రోజులు ఆగలేదు. యాభై ఏళ్ళ తర్వాత కూడా, బస్సులో పోతూ యాడైనా మంద అడ్డం వస్తే నేను కిటికీ అద్దం వేసేస్తాను.

మర్నాడు జేజి వచ్చింది. ఏడవలేదు. తిన్నగా ఆ ఆఫీసుకు పోయి, కంప తీయించిన మేస్త్రీని రెక్కపట్టుకుని మా ఇంటిదాకా ఈడ్చుకొచ్చింది. అతను భయపడిపోయి జేబులోంచి ఒక కాయితం తీశాడు.

"నాదేముండాదమ్మా, అర్జీ వచ్చింది, తీసినాము. వీధిలోకి పొడుచుకొచ్చిందేమో అనుకుంటిమి. సూడండి, శెట్టి సంతకం ఉండాది."

ఇంట్లో చదువొచ్చింది నాకొక్కదానికే. జేజి ఆ కాయితం నా చేతిలో పెట్టింది. "సదువు మే. ఏం రాసినాడో ఒక్క అచ్చరం ఇడవకుండా సదువు."

చదివాను. 'మా ఇంటి దగ్గర గల దొడ్డి కంప వెంటనే తొలగించవలసినదిగా ప్రార్థన.'

"కంప అనే రాసినాడా?"

"కంప అనే రాసినాడు జేజీ."

జేజి వీధిలోకి పోయి దుమ్ము పిడికిట పట్టి శెట్టి మేడ మీదికి విసిరింది. "నా పిల్లల్ను కుక్కల పాలు జేసినావు కదరా శెట్టీ! నువ్వు గాలికని కూచ్చుండే ఆ కిటికీకి గాలాడకుండా జెయ్యకపోతే నేను గొర్రెలోళ్ళ ఆడదాన్నే కాదు!" శెట్టి కిటికీలోంచి తొంగిచూసి తలుపు వేసుకున్నాడు.

గొర్రెలు పోయాయి. తల్లుల అరుపు వినలేక నాయన మందనంతా మైదుకూరు వైపు వాళ్ళకు అమ్మేసి, కౌలుకు సేద్యం మొదలుపెట్టాడు. దొడ్డి జాగా ఖాళీగా మిగిలింది. జేజి మళ్ళీ పులివెందుల పోయింది. వాళ్ళ అన్న కొడుకు అక్కడొక బంగళాలో తోటమాలి. వేపా కానుగా పెడదామంటే ఆమెకు నచ్చలేదు, అవి ఏడాదికొకసారి ఆకు రాలుస్తాయి. "నాకు ఒక్క నెల గూడా శెట్టికి గాలి పోగూడదు" అంది. అప్పుడతను అశోకమొక్కలు చూపించాడట. "అత్తా, ఇవి ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి. ఆకు కిందికి వాలి గోడ మాదిరి కమ్ముకుంటాది. నీళ్ళు పోసి ఎరువేస్తే రెండేండ్లకు మనిషిని దాటిపోతాయి. ఆఫీసర్ల బంగళాలల్లో అన్నీ ఇవే. వీటి మీద ఎవుడు అర్జీ పెడ్తాడు?" ఆ చివరి మాటే జేజికి నచ్చింది. పదకొండు మొక్కలు బస్సులో ఒళ్ళోనూ కాళ్ళ దగ్గరా పెట్టుకుని తెచ్చింది. కండక్టరు చెట్లకు కూడా టికెట్టు తీసుకోమంటే, "సంకబిడ్డలకు టికెట్టు యాడుందిరా?" అని జమ్మలమడుగుదాకా వాదించిందట.

మూడడుగులకొకటి చొప్పున గోడ వెంబడి నాటింది. ఒక్కొక్కదానికి చచ్చిన పిల్ల పేరు పెట్టింది. ఇది కర్రిది, ఇది నల్లచెవుల్ది, ఇది కుంటిది, ఇది బొల్లి. శెట్టి మీది కోపం కొద్దీ దొడ్లో మిగిలిన పెంటికలన్నీ తట్టలకెత్తి పచ్చివే మొదళ్ళలో పోసేసింది. గొర్రెలతో పుట్టి పెరిగిన మనిషి, పచ్చి ఎరువు కాలుస్తుందని ఆమెకు తెలియదా! తెలుసు. తొందర. పది రోజులకు ఏడు మొక్కలు మాడిపోయాయి. ఆ ఎండిన పుల్లల ముందు కూర్చుని జేజి మొదటిసారి ఏడ్చింది. పిల్లలకు ఏడవనిది వీటికి ఏడ్చింది. తర్వాత గుంట తవ్వి, ఎరువంతా అందులో పోసి, మన్ను కప్పి, ఆర్నెల్లు దాని జోలికి పోలేదు. "మాగాల. మాగితేనే పని జేస్తాది" అంటుండేది. ఎరువు సంగతే అనుకునేదాన్ని అప్పుడు.

మళ్ళీ ఏడు మొక్కలు వచ్చాయి. ఇక ఇంట్లో ఒక్క బొట్టు నీళ్ళు వృథా పోలేదు. బియ్యం కడిగిన నీళ్ళు కర్రిదానికి, పప్పు కడిగినవి కుంటిదానికి, స్నానం నీళ్ళు కాలవ తీసి అన్నిటికీ. ఎండాకాలంలో ప్రతి మొదట్లో అడుగున చిల్లి పెట్టిన కుండ పాతి, చిల్లిలో గుడ్డపీలిక దూర్చేది, నీళ్ళు చుక్క చుక్కగా దిగేవి. బడికి పోయేముందు ఆ కుండలు నింపడం నా పని. బొల్లికి రెండు చెంబులు ఎక్కువ పోసేదాన్ని. పక్కకొమ్మలు జేజి మా వైపువి మాత్రమే కోసేది, శెట్టి వైపువి ముట్టుకోనిచ్చేది కాదు. ఒకసారి నేను ఆటకు ఒక మొక్క కొన తుంచబోతే చేతి మీద కొట్టింది. "తల తుంచగూడదు మే. తల తుంచితే అది పైకి పోయే సంగతి మర్సిపోతాది."

చెట్లు పైకిపోయాయి. రాగి రంగు చిగుళ్ళు వేసి, అవి పచ్చబడే లోపల ఇంకో గెణుపు లేచేది. జేజి ప్రతి అమావాస్యకు శెట్టి గోడ మీద ఎంతవరకు వచ్చాయో బొగ్గుతో గీత పెట్టేది. నేను పదో తరగతి చదివేనాటికి కొనలు కిటికీ చెక్కను దాటాయి. పడక కుర్చీ ఒకరోజు కిటికీ దగ్గర నుంచి మాయమైంది. ఆ రోజు మా ఇంట్లో ఓళిగలు. తర్వాత కాయలు మొదలయ్యాయి. నల్లటి కాయలు తినడానికి గబ్బిలాలు వచ్చేవి, తిని గింజలు శెట్టి మిద్దె మీద రాల్చేవి. వాళ్ళు ఆరేసిన వడియాల మీద, తెల్లపంచెల మీద ఊదారంగు మరకలు. "మా జీవాలు యాడికి పోలేదు, చెట్టెక్కినాయి" అని జేజి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, ఆమెకంటే గట్టిగా.

శెట్టి ఒకే ఒకసారి వచ్చాడు. మా గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. "పెద్దమ్మా, దండం పెడ్తా. నేను చెప్పింది కంపు అని. కంప అని కాదు. నా పిల్లల మీద ఒట్టు. వాసన పోగొట్టమంటి గానీ, నోరులేని పిల్లల్ను సంపమని ఎట్ల రాపిస్తాను?"

"కాయితంలో ఉండేది కంప. నా మనమరాలు సదివింది" అంది జేజి.

ఆయన నాకేసి చూశాడు. నేను పక్కన కుండలో నీళ్ళు పోస్తున్నాను. ఏదో అనబోయి, చెప్పులు వేసుకుని పోయాడు. అంతే, మళ్ళీ మా గడప తొక్కలేదు.

జేజి పోయినరోజు కూడా ఆమె మంచం ఆ చెట్ల కిందే ఉంది. నేను చదువుకున్నాను, తెలుగు టీచరునయ్యాను, ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్ళు పిల్లల నోటుపుస్తకాల్లో ఎర్రసిరాతో కొమ్ములు పెట్టాను. కొమ్ము వదిలిన పిల్లలను వదిలేదాన్ని కాదు. వేళ్ళ మీద స్కేలు తిప్పి కొట్టేదాన్ని. వెనక 'కొమ్ము టీచరమ్మ' అనేవాళ్ళని నాకు తెలుసు. ఒక్క కొమ్ముకు ఇంత కోపమేమిటని తోటి టీచర్లు అడిగేవాళ్ళు. వాళ్ళకేం చెప్పను?

ఇదంతా రమేషు ఎదురుగా కూర్చుని ఉండగానే నా బుర్రలో తిరిగింది. "చెట్లు కొట్టనియ్యను" అన్నాను. "మీ నాయన మా దడి కొట్టించినప్పుడు మమ్మల్ను అడిగినాడా?"

అతను కోప్పడలేదు. అంగీ జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. "అక్కా, నాయన పోయినాక ఆయన బీరువా సర్దుతాంటే దొరికింది. అర్జీ రాపిచ్చినప్పుడు బిల్లుల కార్బన్ పెట్టిచ్చినాడు, ఇది అడుగు కాపీ. ఇందులో గూడా కంప అనే ఉండాది. కానీ ఇది నాయన రాత కాదు, సంతకం మాత్రమే ఆయనది. ఆయనకు సత్వారం, అద్దాల్లేకుంటే కనపడదు, సదవకుండానే సంతకం పెట్టుంటాడు. ఎవురు రాసిరి నాయనా అని సచ్చేదాకా అడిగినాను. 'పోనీలేరా, రాసినోళ్ళకు తెలియదు' అనేవాడు, అంతకుమించి నోరిప్పలే. ఇంతమంది శాపనార్థాలు పడినాము, ఊర్లో పిల్లల్ను సంపిచ్చినోళ్ళని పేరు పడింది. నువ్వు ఇన్నేండ్లు టీచరు చేసినావు, ఎవురి రాత ఎవురిదో పట్టుకుంటావు. ఆ రాసినోన్ని చూపియ్యి చాలు. బతికుంటే వాన్ని ఇడిసిపెట్టను."

కవరు తీసుకున్నాను. నీలం కార్బన్ సగం వెలిసిపోయింది. గుండ్రటి అక్షరాలు, తలకట్లన్నీ ఒకే వరసలో. నాకు చూడాల్సిన పని లేదు. అది ఎవరి రాతో జేజి నాచేత చదివించిన రోజే నాకు తెలుసు.

ఆయన చెప్పాడు, నేను రాశాను. మామూలుగా దుకాణం జాబు రాసినట్లే రాశాను. దొడ్డి అంటే వీధి చివర జనం పోయే దొడ్డి అనుకున్నాను. ఆయన కంపు అన్నాడు. బొరుగుల ఉండ ఎదురుగా పెట్టి ఉంది, నాకు తొందర. కొమ్ము ఎగిరిపోయింది. రెండో రోజు జేజి ముందు ఆ కాయితం పట్టుకుని 'రాసినాడు' అన్నాను. 'రాసినాను' అనలేకపోయాను. పదేళ్ళ పిల్లకు అంత ధైర్యం యాడినుంచి వస్తుంది అని ఇన్నేళ్ళూ సర్దిచెప్పుకున్నాను. ఇరవై ఏళ్ళప్పుడు, ముప్పై ఏళ్ళప్పుడు, జేజి బతికున్నప్పుడు ఎందుకు రాలేదో చెప్పుకోలేదు. ఎంత గట్టిగా శెట్టిని తిడితే అంత తేలిగ్గా ఉండేది. ఆ మనిషి మా గడపలో నిలబడి నాకేసి చూసినప్పుడు ఒక్కమాట అంటే చాలు, జేజి కట్టె నా వీపు మీద విరిగేది. అనలేదు. అంత మంచివాడివైతే అర్జీ ఎందుకు పెట్టావయ్యా అని ఆయన మీద నాకు ఇప్పటికీ మంటే. అయినా ఆయన అనలేదు, గాలి పోగొట్టుకున్నాడు, పేరు పోగొట్టుకున్నాడు, పసిపిల్ల పేరు మాత్రం బయట పెట్టలేదు.

బల్ల మీద ఎర్రపెన్ను ఉంది, అలవాటు కొద్దీ ఇప్పటికీ ఉంచుకుంటాను. కాయితాన్ని కవరులోంచి బయటికి తీసి, 'కంప' దగ్గర కొమ్ము పెట్టాను. రమేషు చేతికిచ్చాను.

అతను చాలాసేపు ఆ కొమ్మునే చూశాడు. తర్వాత గోడకు తగిలించిన క్యాలెండరు చూశాడు. పాలవాడి లెక్క, గ్యాసు లెక్క అన్నీ నా గుండ్రటి అక్షరాలతో ఉన్నాయి అందులో.

"ఈ కొమ్ము అప్పుడే పెట్టింటే బాగుండునక్కా" అన్నాడు.

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. "కొమ్ము నాది, ముక్కు మీ నాయనది" అనాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను. "చెట్లు కొట్టించుకో" అన్నాను. "పదకొండూ కొట్టించుకో. గోడ వారన గింజలు పడి మొలిచినవి ఉంటాయి. అందులో ఒకటి వేర్లు తెగకుండా తీసి పంపించు."

వారం తర్వాత మనిషి చేత పంపించాడు, మన్నుతో సహా సంచిలో కట్టి. కోవా పెట్టె మాత్రం మళ్ళీ పంపలేదు. నేను పడుకునే గది కిటికీ ముందర, గోడకు రెండడుగుల దూరంలో గుంట తీయించాను. మాగిన ఎరువు వేశాను. చిల్లి కుండ పాతి నీళ్ళు నింపుతుంటే పక్కింటి అమ్మాయి గోడ మీది నుంచి చూసింది.

"టీచరమ్మా, కిటికీకి ఇంత దగ్గర పెడ్తాండావే! అది పెరిగితే నీకు వెల్తురు రాదు, గాలి రాదు."

"రాగూడదనే పెడ్తాండా మే" అన్నాను.